తమ్ముడికి చెల్లదన్న జకాత్

నా చిన్నప్పుడు కోరుట్లలో నా చిటికెన వేలు ఎలా విరిగిందో ఇప్పటికి చాలామందికి చెప్పబోయాను. ఒక్కరూ చివరిదాకా వినలేదు. పెళ్లిళ్లలో నేను ఎడమచెయ్యి పైకెత్తితే చాలు, మావాళ్లు "మళ్ల మొదలువెట్టిండు" అనుకుంటూ బిర్యానీ దేగ్చా దగ్గరికి జరిగిపోతారు. మా పెద్దనాన్న కొడుక్కి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పోయిన రంజాన్ తర్వాత వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం గీతలు పడ్డాయి. అంటే చదివాడు. చదివి ఊరుకున్నాడు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఈసారి ఎవరూ లేచి పోవద్దు.

మాది సిరిసిల్ల. ఇంటి ముందుగదిలో రెండు సాంచెలు ఉండేవి, కరెంటుతో నడిచే మగ్గాలు. వాటి చప్పుడులోనే నేను పుట్టాను, ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. మా నాన్న సేటు దగ్గర నూలు అప్పుకు తెచ్చి నేసేవాడు. నాకు పదేళ్లున్నప్పుడు బట్ట ధర పడిపోయింది. అప్పు తీరలేదు సరికదా పెరిగింది. అమ్మ పట్టీలు అప్పటికే తాకట్టులోకి పోయాయి. మా ఇంట్లో మామూలుగా ఉర్దూ మాట్లాడుకునేవాళ్లం, కోపం వస్తే మాత్రం తెలుగే. ఆ రంజాన్ నెలంతా మేం తెలుగే మాట్లాడామని గుర్తు.

నెల సగం గడిచాక ఒక పొద్దున సేటు మనుషులు ముగ్గురు వచ్చారు. మాటామాటా పెరిగింది. అందులో ఒకడు చంకలోంచి కొడవలి తీసి, సగం నేసిన బట్ట ముందున్న పోగుల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు. వేల పోగులు. ఒక్కసారిగా తెగి రెండువైపులా జారిపోయాయి. మా నాన్న చేతికందిన నాడె తీసుకుని వాడి మీదికి పోయాడు. నాడె అంటే రెండు కొసలకూ ఇనుప మొనలున్న చెక్క, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తేది. అది వాడికి తగల్లేదు. మిగతా ఇద్దరూ నాన్నను సాంచెకు అదిమిపట్టి మూతి మీద గుద్దారు. పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. "పండుగ తెల్లారి అత్తం. పైసలన్న ఉండాలె, సాంచెలన్న విప్పి పెట్టాలె" అని చెప్పి పోయారు.

వాళ్లు పోయాక అమ్మ ఏడవలేదు. పీట వేసుకుని కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేయడం మొదలుపెట్టింది. నాన్న మూతి కడుక్కుని, రోజా ఉన్నాడు కాబట్టి చుక్క నీళ్లు కూడా లోపలికి పోకుండా పుక్కిలించి ఉమ్మేశాడు. ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

మాతో ఉండే మా దాదీ, అంటే నాన్న తల్లి, రెండు రోజులు అమ్మకు పోగులు అందించింది. మూడోరోజు నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు నడిచింది. "నీ అయ్యకు జెప్పకు" అంది. వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల బస్సు.

కోరుట్లలో మా పెద్దనాన్నకు బట్టల దుకాణం. ఊరికి పెద్దమనిషి. ప్రతి రంజాన్‌లో ఆయన జకాత్ పంచుతాడని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎదురుచూసేవి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఏడాది పొడుగునా చేతిలో నిలిచిన సొత్తు ఒక హద్దు దాటితే అందులో నలభయ్యో వంతు పేదలకు ఇచ్చెయ్యాలి. ఇస్తే మంచిదని కాదు, ఇవ్వాల్సిందే. మా పెద్దనాన్న ఆ నలభయ్యో వంతును చీరలుగా, నోట్లుగా మార్చి, దుకాణం ముందు జనాన్ని ఎండలో నిలబెట్టి, చేతిలో బట్ట కొలిచే ఇనుప గజం పట్టుకుని పంచేవాడు. వరస తప్పినవాళ్ల కాళ్ల మీద ఆ గజం పడేది. రెండోసారి వచ్చిందని ఒక ముసలమ్మ వీపు మీద కొట్టడం నేను ఆ రోజు చూశాను. ఆమె అరవలేదు. అరిస్తే చేతిలో ఉన్న చిట్టీ, డబ్బు పుచ్చుకోవడానికి చూపించే కాగితం, పోతుందని కాబోలు.

చిట్టీలు ఇచ్చేది ఆయన కొడుకు. నాకంటే ఏడాది చిన్న. ఈ నీలం గీతల మనిషే.

దాదీని చూడగానే పెద్దనాన్న లోపలికి పిలిచి ఒక కవరు చేతిలో పెట్టాడు. ప్రతి రంజాన్‌కూ ఇచ్చేదే. ఆ డబ్బుతోనే దాదీ మాకు పండుగ బట్టలు కుట్టించేది, ఏడాదికి సరిపడా తన మందులు కొనుక్కునేది. కవరు ఒళ్లో పెట్టుకుని ఆమె అసలు సంగతి చెప్పింది.

"సాంచెలు పోతయిరా. పండుగ తెల్లారి విప్పుకపోతరట. నీ తమ్ముని పన్ను ఊడగొట్టిన్రు. జర సూడు."

"అమ్మా, బయట పంచేటియి జకాత్ పైసలు. తోడవుట్టినోనికి చెల్లది. ఇంట్ల పైసలు ఇంట్లనే తిప్పుకున్నట్టయితది. రేపు అల్లా అడిగితే నేనేం జెప్పాలె?"

"అయితే నీ సొంతయి ఇయ్యి."

"సొంతయి దుకాణం మాల్‌ల ఇరుక్కున్నయి. అయినా రెండు సాంచెల ఆసామి పేదోడెట్లయితడమ్మా?"

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నాకు అర్థమైంది ఒక్కటే. మేం చుట్టాలం కాబట్టి రాదు, చుట్టాలం కాకపోతే వచ్చేది. అలాగైతే చుట్టాన్ని కాకుండా పోతే సరిపోతుంది కదా అనుకున్నాను. తలకు కట్టుకున్న రుమాలు ముక్కు మీదికి లాక్కుని వెళ్లి వరసలో నిలబడ్డాను. ఆ ఇంటివాళ్లందరూ నన్ను బుద్ధిలేనివాడని ఈనాటికీ అంటారు. అనుకోనీ. పదేళ్ల పిల్లవాడికి అంతకంటే పెద్ద ఉపాయం ఎవరూ నేర్పలేదు.

నా ముందు ఒక బీడీలు చుట్టే ఆమె ఉంది. చీరంతా తంబాకు వాసన. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవలింటోనివిరా? గట్ల మొఖం దాసుకుంటవేంది, దొంగతనానికి వచ్చినవా? తియ్యి ఆ రుమాలు. ఆయన జేబులది ఇస్తలేడు, మనదే ఆయన తాన ఉన్నది" అంది. వెనకనున్నవాళ్లు నవ్వారు. నేను రుమాలు తియ్యలేదు.

నా వంతు వచ్చింది. చిట్టీ ఇవ్వబోయి ఆ పిల్లవాడు నా కళ్లలోకి చూసి కిలకిలా నవ్వాడు. "అబ్బా! మన సిరిసిల్లోడు! ఫకీరోళ్ల లైన్ల నిలవడ్డడు!"

పెద్దనాన్న బయటికి వచ్చి నా రుమాలు పీకేశాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. "నా ఇజ్జత్ బజార్ల పెడ్తవారా?" రెండోది వీపు మీద. మూడోది చెవి మీదికి వస్తోందని ఎడమచెయ్యి అడ్డం పెట్టాను. పుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. చిటికెన వేలు పక్కకు, ఎప్పుడూ తిరగనివైపుకు తిరిగి ఉంది. నొప్పికంటే ముందు నాకు ఆ నవ్వు వినిపించింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు వాడు.

"పోరన్ని సంపుతవా సేటూ!" అని బీడీ ఆమె మధ్యలోకి వచ్చింది. పనివాడొకడు ఆమెను నెట్టేస్తే మెట్ల మీద పడింది. మోచేయి చీరుకుపోయింది. అయినా లేచి నా దగ్గరికే వచ్చింది. నడుములో దోపుకున్న సంచిలోంచి, బీడీ ఆకు కత్తిరించడానికి కొలతగా పెట్టుకునే చిన్న రేకు తీసి నా వేలు కింద పెట్టి, కొంగు అంచు చింపి కట్టింది. ఆమె పేరు నేను అడగలేదు. అదొక్కటి మాత్రం నా తప్పు.

దాదీ బయటికి వచ్చింది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. పెద్దనాన్న ఎదురుగా నిలబడింది.

"ఇందాక నాకిచ్చినయి ఏం పైసలురా?"

"జకాత్‌యే. ఏటేటా ఇచ్చేటియే గదా."

"ఎన్నేండ్ల సంది?"

"నాయిన పోయినకాంచి. ఏడేండ్లు."

దాదీ చెయ్యి లేచింది. అంత చిన్న మనిషి కొట్టిన దెబ్బకు ఆయన టోపీ ఎగిరి వరసలో వాళ్ల మధ్య పడింది. రెండో చెంప మీద మళ్లీ కొట్టింది. "ఏడేండ్లు నా కొడుకు బువ్వ వెడుతున్నడని సంబురపడ్డరా నేను! రోడ్డు మీద పంచినట్టు కన్నతల్లికి పంచినవా? తమ్మునికి చెల్లదు, తల్లికి చెల్లుతదా? ఎవడు జెప్పిండురా నీకు? పద, మౌల్సాబును అడుగుదాం."

వరస మొత్తం ఆమె వెనక మసీదు దాకా నడిచింది. జీతగాళ్లు కూడా నడిచారు. చెంప పట్టుకుని పెద్దనాన్న కూడా రాక తప్పలేదు. దాదీ గేటు బయటే నిలబడి, లోపల నమాజు చదివించే ముసలి మౌల్సాబుకు కబురు పెట్టింది. ఆయన చేతికర్రతో మెల్లగా వచ్చి, ముందు నా వేలు చూశాడు, తర్వాత పెద్దనాన్న చేతిలో ఇంకా ఉన్న గజం చూశాడు. దాన్ని కింద పెట్టించాకే మాట్లాడాడు.

ఆయన చెప్పింది నాకు ఈ రోజుకీ వరసగా గుర్తుంది. మనిషి తనను కన్నవాళ్లకు, తాను కన్నవాళ్లకు, కట్టుకున్న భార్యకు జకాత్ ఇవ్వకూడదు. ఎందుకంటే వాళ్లను పోషించడం ఎలాగూ అతని బాధ్యతే. జకాత్‌తో తల్లి కడుపు నింపితే తన ఖర్చు తాను మిగుల్చుకున్నట్టే. కనుక ఆ ఏడేళ్లు తల్లికి ఇచ్చింది జకాత్ కాలేదు, అంత మొత్తం ఇంకా మెడ మీదే ఉంది, మళ్లీ తియ్యాలి. తోడబుట్టినవాళ్ల సంగతి అది కాదు. బీదవాడైతే తమ్ముడికి ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు కాదు, ముందు అతనికే ఇవ్వాలి. ఒకటి జకాత్ పుణ్యం, ఒకటి బంధుత్వం నిలిపిన పుణ్యం, రెండూ దక్కుతాయి.

"రెండు సాంచెలున్నయి మౌల్సాబ్ వానికి" అన్నాడు పెద్దనాన్న.

ఉండే ఇల్లు, పొట్టపోసుకునే పనిముట్టు లెక్కలోకి రావని ఆయన అన్నాడు. వాటిని పక్కన పెట్టి, ఉన్నదాంట్లోంచి అప్పు తీసెయ్యి, ఏం మిగులుతుందో చూడు అన్నాడు. ఏమీ మిగలదని అందరికీ తెలుసు. ఆఖరుకు ఒక మాట దాదీకి చెప్పాడు. అప్పు పడ్డవాడి చేతికే డబ్బు ఇవ్వాలని లేదు, అతను సరేనంటే నేరుగా అప్పిచ్చినవాడికే కట్టవచ్చు. కాని అతను తన నోటితో సరేననాలి.

పెద్దనాన్న కవరు కోసం చెయ్యి చాపాడు. "అయితే అది ఇటియ్యి అమ్మా, అండ్ల కలుపుత."

దాదీ కవరును రవికెలో దోపుకుంది. "ఇది నా కొడుకు నాకిచ్చిన బువ్వ పైసలు. మౌల్సాబే జెప్పిండు గదా. నీ జకాత్ వేరే తియ్యి." అక్కడున్న బీడీ ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఆ రోజు నాకు దొరికిన మందు ఆ నవ్వే.

సిరిసిల్లకు వచ్చాక మా నాన్న నా వేలి కట్టు విప్పి చూశాడు, మళ్లీ కట్టాడు. దాదీ చెప్పిందంతా విన్నాడు. "వాడు నా గడప తొక్కితే సంపుత" అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు ఆయన.

పండుగ ఇంకా మూడు రోజులుందనగా పొద్దున్నే పెద్దనాన్న వచ్చాడు. మౌల్సాబు మాట కోరుట్లంతా పాకింది, ఇక రాక తప్పదు. దాదీ ముందే కబురు పెట్టి సేటు మనిషిని పిలిపించింది, ఆ కొడవలివాణ్నే. అమ్మ పది రోజులు ముడివేసిన పోగులతో ఒక సాంచె మళ్లీ నడుస్తోంది. పెద్దనాన్న వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వినేలా గొంతెత్తి, "తమ్మీ, ఇగో నీ జకాత్! ఇగనన్న నీ కడుపు సల్లగుండాలె!" అని నోట్ల మూటతో లోపలికి వచ్చి దాన్ని నడుస్తున్న సాంచె పక్కన విసిరాడు.

నాన్న ఆగి ఉన్న రెండో సాంచెలోంచి నాడె తీశాడు. ఈసారి గురి తప్పలేదు. ఇనుప మొన పెద్దనాన్న బుగ్గను కంటి కింద నుంచి దవడ దాకా చీల్చింది. ఆయన నాన్న జుట్టు పట్టుకుని తలను సాంచె చట్రానికేసి కొట్టాడు, ఒకసారి, ఇంకోసారి. అన్నదమ్ములిద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని పడ్డారు. పెద్దనాన్న చొక్కా చేతిని మోటారు బెల్టు లాక్కుంది. ఇంకొక్క క్షణమైతే ఆ చెయ్యి మోచేతి దాకా పోయేది. ఆ చెయ్యే నా వేలు విరగ్గొట్టింది. పోనీ అనుకున్నాను. నిజం రాస్తున్నాను, పోనీ అనే అనుకున్నాను. అమ్మ పరుగెత్తి స్విచ్చి ఆపేసింది.

చప్పుడు ఆగింది. అమ్మ ముడివేసి నేసిన తెల్లబట్ట మీద ఇద్దరి నెత్తురూ పడింది. ఏది ఎవరిదో తెలియలేదు.

దాదీ ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది. నాన్న వైపు తిరిగింది.

"మౌల్సాబు జెప్పిండు. నువ్వు నోటితోని హా అనాలె. అంటే ఈ పైసలు అటే సేటుకు పోతయి. నువ్వు ముట్టుడు గూడ లేదు. హా అను."

"నా కొడుకు ఏలిరగ్గొట్టిన చెయ్యి అది. నేను వాన్ని మాఫ్ చెయ్య."

"నిన్నెవడు మాఫ్ చెయ్యమన్నడ్రా? వాడు అడగనేలేదు. అడగనోనికి మాఫీ ఎందుకిస్తవు? చెయ్యకు. సచ్చేదాక చెయ్యకు. గని ఇది వాని పైస గాదు, నీ హక్కు, గిన్నేండ్లు వాని పెట్టెల ఇరుక్కున్నది. నీ హక్కు నువ్వు తీస్కునుడు వేరే, మాఫ్ చేసుడు వేరే. రెండు ఒక్కటే అనుకోని సాంచెలు పోగొట్టుకుంటవా? వానికి కావల్సింది గదే గదా!"

నాన్న నా వేలు చూశాడు. అమ్మ వేళ్లు చూశాడు. ముడులు వేసి వేసి వాటి కొసలు పగిలిపోయి ఉన్నాయి. వాకిట్లో కొడవలివాడు నిలబడి ఉన్నాడు. నాన్న నోట్లో నెత్తురు నేల మీద ఉమ్మి, ఊరంతా వినేటట్టు "హా" అన్నాడు. ఆ ఒక్క అక్షరం అనడానికి ఆయన మెడనరాలన్నీ ఉబ్బాయి.

సేటు మనిషి డబ్బు తీసుకుపోయాడు. సాంచెలు మిగిలాయి. పెద్దనాన్న బుగ్గ అదిమిపట్టుకుని నన్ను దాటుకుంటూ పోయాడు. నా వేలి వైపు చూడలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికాడు, ఒక్కసారీ చూడలేదు. ఆయన జనాజాకు వెళ్లి పాడెకు భుజం కూడా ఇచ్చాను. కఫన్ గుడ్డ తొలగించి ముఖం చూపించినప్పుడు బుగ్గ మీద ఆ గీత అలాగే ఉంది. నేను ఇంకా మాఫ్ చెయ్యలేదు. ఆయన అడగలేదు మరి.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడ్డాయి. సాంచెలు నాలుగయ్యాయి, మళ్లీ రెండయ్యాయి. జకాత్ ఇచ్చే స్తోమత ఉన్న ఏళ్లలో ఇచ్చాను, నూలు బేరం మునిగిన రెండేళ్లు తీసుకున్నాను కూడా, తల దించకుండా. ఇచ్చేటప్పుడు ముందు మా చెల్లెళ్ల ఇళ్లు చూస్తాను. జకాత్ అని నోటితో చెప్పను, పండుగకు పిల్లలకు అంటాను. మనసులో అనుకుంటే సరిపోతుంది, పుచ్చుకునేవాళ్లకు చెప్పాలని ఎక్కడా లేదు. ఇవన్నీ ఆ వంకర వేలు చూసుకుంటూ చేస్తాను. వాన వచ్చే ముందు అది ఇప్పటికీ సలుపుతుంది.

పోయిన రంజాన్‌లో బోయినపల్లిలో ఉండే మా మేనత్త కూతురు కోరుట్ల దుకాణానికి వెళ్లింది. ఆమె మొగుడు దుబాయిలో పైనుంచి పడి నడుము విరిగి వచ్చాడు. వీసా అప్పులవాడు అంతకుముందే ఇంటి తలుపు గొడ్డలితో నరికిపోయాడు. ఆ దుకాణంలో ఇప్పుడు ఏసీ ఉంది, బయట వరస మాత్రం ఎండలోనే ఉంది. మా పెద్దనాన్న కొడుకు ఆమెకు చల్లటి నీళ్లిచ్చి, "సొంతోళ్లకు చెల్లదక్కా" అని పంపించాడట. ఆమె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. నా నలభయ్యో వంతు ఆమెకే ఇచ్చాను. అది తలుపుకు సరిపోయింది, అప్పుకు సరిపోలేదు.

తమ్మీ, ఆ రోజు నువ్వూ మసీదు గేటు దాకా నడిచావు. మౌల్సాబు చెప్పింది నాతో పాటే విన్నావు. తెలియదని అనకు. నా వేలు విరుగుతుంటే నువ్వు నవ్విన నవ్వు సంగతి ఇంకా బాకీనే ఉంది, అది తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పు. బోయినపల్లి అక్క అప్పు కడతావా, కట్టవా? నెత్తురు నోట్లో పెట్టుకుని మా నాన్న అనగలిగిన ఆ ఒక్క మాట, ఏసీలో కూర్చుని నువ్వు అనలేవా? నాకు నీలం గీతలు వద్దు. నోరు తెరిచి జవాబియ్యి.